బ్రుగ్మాన్సియా కొమ్మలు కుళ్లింది నా సీసాలో కాదు, మీ పార్సిల్‌లో

కస్టమర్ కేర్ వాళ్లకీ, గ్రీవెన్స్ ఆఫీసర్ గారికీ నమస్కారం. తిరుపతి బైరాగిపట్టెడ నుంచి రాస్తున్నా, వేరు పట్టించుకోవడానికి మీ సైట్‌లో కొన్న బ్రుగ్మాన్సియా కొమ్మల (కటింగ్స్) గురించి. ఏంజెల్స్ ట్రంపెట్ అని మీరు అమ్మే పూల చెట్టే ఇది. ఆర్డర్ నంబర్, బిల్లు, ఫొటోలు అన్నీ ఈ మెయిల్‌తో పాటే పెట్టినాను.

మొన్న నా కంప్లైంట్ క్లోజ్ చేసినామని మెసేజ్ పంపినారు. కారణం అని కింద ఒక లైన్ రాసినారు, "కస్టమర్ నీళ్లు సరిగ్గా మార్చకపోవడం వల్ల కటింగ్స్ పాడైనాయి" అని. ఆ లైన్ చదివి రెండు రోజులు నాకు మనసు మనసులో లేదు. ముందు ఆ మాట ఎందుకు తప్పో చెప్తా, డబ్బుల సంగతి తర్వాత. కొంచెం పొడుగైనా ఓపిగ్గా చదవండి, ఎందుకంటే ఫోన్‌లో మీ వాళ్లు మూడు సార్లూ నన్ను సగంలోనే ఆపి టికెట్ రైజ్ చేస్తాం మేడమ్ అని పెట్టేసినారు.

ఈ చెట్టు నాకు కొత్త కాదు. మా ఆడపడుచు వాళ్లు కూనూరులో ఉంటారు, వాళ్ల ఇంటి వెనకాల తెల్ల బ్రుగ్మాన్సియా పెద్ద చెట్టే ఉంది, ఆరేళ్ల కిందట ఆమె పెన్సిల్ కంటే కొంచెం లావు కొమ్మ ఒకటి విరిచి కింది కొన మాత్రం తడిగుడ్డలో చుట్టి ఇస్తే బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నా. నీళ్లలో వేరు పట్టించి కుండీలోకి మార్చి ఆ తర్వాత డ్రమ్ములోకి మార్చినా. ఇప్పుడు మిద్దె మీద గ్రీన్ నెట్ కింద నాకంటే ఎత్తుంది. మన తిరుపతి ఎండలకి అది ఎండాకాలమంతా ఆకులతోనే సరిపెట్టుకుంటాది, మధ్యాహ్నం తల వేలాడేస్తాది, సాయంత్రం రెండు బక్కెట్లు పోస్తే మళ్లీ నిలబడతాది. కార్తీకం వచ్చి రాత్రులు చల్లబడినాకే మొగ్గలు. ఒక్కో పువ్వు జానెడు పైనే ఉంటాది, గంట మాదిరి కిందికి వేలాడతా, చీకటి పడితే ఆ వాసన మెట్లు దిగి మా వంటింట్లోకి వస్తాది. దీనికి తోడు ఇంకా రంగులు ఉంటే బాగుంటాదని మూడేళ్లు అనుకుని అనుకుని మీ దగ్గర ఆర్డర్ పెట్టినా. తెలుపు, పసుపు, గులాబీ, పీచ్, ఎరుపు, మొత్తం అయిదు కొమ్మలు 1,150 రూపాయలు, కొరియర్ 120.

మీ పార్సిల్ మే 19న వచ్చింది. బయలుదేరింది 13న. అంటే నడి కృత్తిక కార్తెలో ఆరు రోజులు లారీల్లో గోడౌన్లలో ఉడికింది. డబ్బా విప్పగానే పుల్లటి కుళ్లు వాసన, మా ఆయన హాల్లో నుంచి ఏందది అని అడిగినారు. కొమ్మ మొత్తానికీ తడి టిష్యూ చుట్టి, దాని మీద ప్లాస్టిక్ రేపర్ మూడు నాలుగు చుట్లు బిగించి, ఒక్క చిల్లి కూడా లేకుండా టేప్ వేసినారు. అన్నం వేడిగా ఉన్నప్పుడే మూత పెడితే ఏమవుతాదో అదే అయింది. కింది కొన మాత్రం తడిగా ఉంచి మిగతాది గాలికి వదిలినా సరిపోయేది, లేకపోతే రెండు కొనలకీ మైనం అద్ది పొడిగా పంపినా ఇంకా మంచిది.

రెండో సంగతి, మీరు పంపినవి లేత కొమ్మలు. చివర్లు. పచ్చగా, నొక్కితే మెత్తగా లోపల బెండు మాదిరి ఉన్నాయి. ఈ చెట్టుకి లేత చివర్లు నీళ్లలో పెడితే వేరు రాకముందే కుళ్లు వస్తాదని ఒక్కసారి పెంచినోళ్లకి కూడా తెలుసు. బెరడు కొంచెం గోధుమ రంగుకి తిరిగిన ముదురు కొమ్మ కావాలి, దాని మీద చిన్న చిన్న తెల్ల బొడిపెలు కనపడతాయి, నీళ్లలో పెడితే అవే ఉబ్బి వాటిలోంచే వేర్లు బయటికి వస్తాయి. మీరు పంపిన అయిదింటిలో ఒక్క దాని మీద కూడా ఆ బొడిపెలు లేవు. రెండు కొమ్మలకి అయితే ఆకులన్నీ పీకేసి ఏది కింద ఏది పైన అనే గుర్తు కూడా పెట్టలేదు. ఆకు రాలిన మచ్చ పైన మొగ్గ ఉంటాది కాబట్టి నేను కనుక్కోగలిగినా, కొత్తగా కొన్నోళ్లు తలకిందులుగా పెట్టి వేర్లు ఎందుకు రాలేదో అని ఎదురుచూస్తా కూర్చుంటారు, మీరేమో వాళ్లకీ ఇదే లైన్ రాసి పంపిస్తారు.

ఇంక నేనేం చేసినానో చెప్తా. ఆ రోజే నల్లబడిన కొనలన్నీ శుభ్రం చేసిన బ్లేడుతో మంచి భాగం దాకా కోసినా. గులాబీ దాంట్లో మంచి భాగమే లేదు, మొదలు నుంచి చివరి దాకా నల్లగా ఉంటే ఫొటో తీసి పారేసినా. మిగిలిన నాలుగూ గోధుమరంగు గాజు సీసాల్లో పెట్టినా, వెలుతురు పడితే పాచి పడతాదని. మాకు వచ్చే కుళాయి నీళ్లు క్లోరిన్ వాసన వస్తాయి, అందుకని రాత్రంతా బక్కెట్లో తెరిచి పెట్టి పొద్దున వాడినా. సీసాలో నాలుగు వేళ్ల ఎత్తు నీళ్లు మాత్రమే. మెడికల్ షాపులో దొరికే హైడ్రోజన్ పెరాక్సైడ్ కొన్ని చుక్కలు. రెండు రోజులకి ఒకసారి నీళ్లు మార్చడం, మార్చేటప్పుడు కొమ్మ అడుగున జిగురు పడితే కడగడం. ఎండ తగలని చోట, వంటింటి ఉత్తరం కిటికీ గట్టు మీద.

అదే రోజు నేను ఇంకో పని కూడా చేసినా, మీరు దయచేసి ఇది సరిగ్గా చదవండి. మిద్దె మీది నా తెల్ల చెట్టు నుంచి ఒక ముదురు కొమ్మ కోసి, అదే రకం సీసాలో, అదే బక్కెట్ నీళ్లతో, మీ కొమ్మల పక్కనే అదే గట్టు మీద పెట్టినా. ఎప్పుడైనా కొత్తవి తెస్తే పోల్చుకోవడానికి అట్లా పెట్టడం నాకు అలవాటు. నీళ్లు మార్చినప్పుడల్లా అయిదు సీసాలకీ మార్చినా. నా కొమ్మకి తొమ్మిదో రోజు బొడిపెలు ఉబ్బినాయి, పదిహేడో రోజుకి తెల్లటి వేర్లు అర అంగుళం వచ్చినాయి. మీ కొమ్మల్లో ఎరుపు మూడో రోజే పోయింది, తెలుపు ఆరో రోజు, పసుపు ఎనిమిదో రోజు, పీచ్ కొంచెం ఆశ పెట్టి పదకొండో రోజు పోయింది. ఎప్పుడెప్పుడు ఏమైందో తేదీలతో ఫొటోలు ఉన్నాయి. నీళ్లు ఒకటే, చెయ్యి ఒకటే, గట్టు ఒకటే. నేను నీళ్లు సరిగ్గా మార్చకపోయి ఉంటే నా కొమ్మ ఎట్లా బతికింది? ఈ ప్రశ్నకి ఫోన్‌లోనూ జవాబు లేదు, చాట్‌లోనూ లేదు.

మీ డబ్బాలో ఇచ్చిన కాగితం సంగతి కూడా చెప్పాలి. సీసా నిండా నీళ్లు పోసి నేరుగా ఎండలో పెట్టమని రాసినారు. మే నెలలో తిరుపతి ఎండలో గాజు సీసా పెడితే నీళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. వేర్లు వచ్చినాక ఏం చెయ్యాలో ఒక్క ముక్క లేదు, అసలు కష్టం అక్కడే కదా. నీళ్లలో వచ్చిన వేర్లు మెత్తగా పెళుసుగా ఉంటాయి, మరీ పొడుగు కానియ్యకుండా అంగుళం రెండంగుళాలు ఉన్నప్పుడే తేలిక మట్టిలోకి మార్చాలి, మొదటి వారం మట్టి బాగా తడిగా ఉంచాలి, పైన పల్చటి కవర్ వదులుగా కప్పి కొంచెం కొంచెంగా గాలికి అలవాటు చెయ్యాలి. నా కొమ్మని అట్లాగే మార్చినా, ఇప్పుడు మూడడుగులుంది.

ఎరుపు రకం గురించి ఒక మాట. అది సాంగ్వీనియా అనే రకం బ్రుగ్మాన్సియా, దక్షిణ అమెరికాలో ఆండీస్ కొండల మీద చలి ఊర్లలో పుట్టింది. మా ఎండకి అది పూయడం చాలా కష్టం, పైగా దాని పువ్వుకి వాసన ఉండదు. మీ పేజీలో మాత్రం అయిదు రంగులకీ కలిపి "ఇండియాలో అన్ని వాతావరణాలకీ సరిపోతుంది, రాత్రిళ్లు మత్తెక్కించే సువాసన" అని రాసి ఉంది. అమ్మే చెట్టు గురించి అమ్మేవాళ్లే ఇట్లా రాస్తే మేం ఎవరిని అడగాలి?

జూన్ చివర్లో మీరు రీప్లేస్‌మెంట్ అని ఒక చిన్న మొక్క పంపినారు, కవర్లో, లేబుల్ మీద బ్రుగ్మాన్సియా వైట్ అని. నేను సంతోషపడినా, అబద్ధం చెప్పను. మంచి మట్టి, ఎరువు, నీడ, అన్నీ ఇచ్చినా. వినాయక చవితి ముందు రోజు మా పక్కింటామె పత్రి కోసం మిద్దె మీదికి వచ్చి, "అక్కా, మీ ఇంట్లోనే ఉమ్మెత్త ఉంది కదా, ఇంక బజారుకి ఎందుకు" అని దాని ఆకులు తెంపబోయింది. చూస్తే నిజమే. పువ్వు ఆకాశం వైపు నిటారుగా నిలబడి ఉంది, కింద చిన్న ముళ్ల కాయ. దత్తూరపత్రం పూజయామి అని ఏటా చదువుతాం కదా, అదే చెట్టు. మా ఊర్లో రోడ్డు పక్కన, ఖాళీ ప్లాట్లలో ఊరికే మొలిచే ఉమ్మెత్త.

ఇది చెప్తే మీ చాట్‌లో వచ్చిన జవాబు, "రెండూ ఒకటే ఫ్యామిలీ మేడమ్, డతురాని కూడా ఏంజెల్స్ ట్రంపెట్ అంటారు" అని. డతురా అంటే ఉమ్మెత్తే. ఒకటే కుటుంబం అని నాకూ తెలుసు, వంకాయ కూడా అదే కుటుంబం. పాతకాలంలో రెండిటినీ డతురా అనే అనేవాళ్లు, 1805లో బ్రుగ్మాన్సియాని వేరే జాతిగా విడదీసినారు, అంటే రెండు వందల ఏళ్లు దాటింది. ఉమ్మెత్త పువ్వు పైకి చూస్తాది, బ్రుగ్మాన్సియా పువ్వు కిందికి వేలాడతాది. ఉమ్మెత్త కాయకి ముళ్లు, దీని కాయ నున్నగా ఉంటాది. ఉమ్మెత్త గింజ పడితే మొలిచే చిన్న మొక్క, ఇది కాండం ముదిరి ఏళ్ల తరబడి బతికే చెట్టు. మామిడి అడిగినోళ్లకి జీడిమామిడి ఇచ్చి రెండూ ఒకే కుటుంబం అంటే ఒప్పుకుంటారా?

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైంది. నేను ఈ లెటర్ రాయడానికి అసలు కారణం ఇదే అనుకోండి. మా ఇంట్లో మూడేళ్ల మనవడు ఉన్నాడు. ఈ రెండు చెట్లూ విషం. ఆకు, పువ్వు, గింజ, వేరు, రసం, అన్నిటిలో స్కోపోలమిన్, అట్రోపిన్ అనే విషాలు ఉంటాయి. నోట్లోకి పోతే నోరు ఎండిపోతాది, చూపు మసకబారుతాది, గుండె దడ, లేనివి కనపడతాయి, ప్రాణం మీదికి కూడా వస్తాది. కొమ్మ కోసిన చేత్తో కన్ను నలుపుకుంటే కనుపాప పెద్దదై వెలుతురు చూడలేరు, అది నాకే ఒకసారి అయింది, అప్పటి నుంచి గ్లోవ్స్ లేకుండా ముట్టను, కోసిన బ్లేడు కూరగాయల దగ్గరికి రానియ్యను, నీళ్లు మార్చిన సీసా కడిగిన నీళ్లు సింక్‌లో కాదు మిద్దె మీద తూములో పోస్తా. సీసాలు పెట్టిన గట్టు కూడా పిల్లోడి చెయ్యి అందనంత ఎత్తు.

మీ పేజీలో, డబ్బాలో, కాగితంలో, లేబుల్ మీద, ఎక్కడా విషం అనే మాట లేదు. పైగా "బెడ్‌రూమ్ కిటికీ దగ్గర పెట్టుకోండి" అని పిల్లలు పువ్వు వాసన చూస్తున్న ఫొటో వేసినారు.

ఉమ్మెత్త అంటే పల్లెల్లో చిన్న పిల్లోడికి కూడా భయం తెలుసు, ముట్టుకుంటే చెయ్యి కడుక్కోమని అవ్వలు చెప్పి పెంచినారు. ఆ పేరే మాకు హెచ్చరిక. మీరు అదే కుటుంబం చెట్టుకి ఏంజెల్ అని దేవదూత పేరు పెట్టి అమ్మేసరికి ఆ హెచ్చరిక పోయింది. కొన్నోళ్లకి ఇది ఉమ్మెత్తకి చుట్టం అని తెలిసే దారి లేదు. నాకు తెలుసు కాబట్టి నా ఇల్లు బాగుంది. మా వీధిలోనే ఇద్దరు మీ లింక్ అడిగినారు, వాళ్లిద్దరి ఇళ్లల్లోనూ చిన్న పిల్లలున్నారు, నేను ఇయ్యలేదు.

ఈ చెట్టు అమ్మొద్దని నేను అనడం లేదు. ఆరేళ్లుగా పెంచుతున్నా, దాని మీద నాకున్న ఇష్టం మా ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పి అమ్మండి అంటున్నా.

నాకు కావాల్సింది రాస్తున్నా. నా 1,270 రూపాయలు వాపసు ఇయ్యండి. నా కంప్లైంట్‌లో కస్టమర్ తప్పు అని రాసిన లైన్ తీసేసి, పాడైపోయి వచ్చినాయని సరిగ్గా రాయండి, డబ్బుల కంటే నాకు అదే ఎక్కువ. మీ పేజీలో మొదటి లైన్‌లోనే, ఫొటో కిందే, ఇది విషపు మొక్క, పిల్లలకీ పశువులకీ అందనియ్యొద్దు, గ్లోవ్స్ వేసుకోండి అని తెలుగులో కూడా పెట్టండి, ఆ పిల్లల ఫొటో ఈ రోజే తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో మా వైపు కొమ్మలు పంపడం ఆపండి, పంపేటప్పుడు ముదురు కొమ్మలు పంపండి.

2020 ఈ-కామర్స్ రూల్స్ ప్రకారం కంప్లైంట్ అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెల లోపల పరిష్కరించాలి. నా మొదటి కంప్లైంట్ మే 19ది. ఈ లెటర్‌కి కూడా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తా, ఆ తర్వాత ఇక్కడే మా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనుండే చోటే వేసుకోవచ్చు, మీ ఊరికి రావాల్సిన పని లేదు.

మీ డబ్బా, రేపర్, కాగితం, లేబుల్ పారేయలేదు, కవర్లో కట్టి పెట్టినా. ఉమ్మెత్త మొక్క కూడా కుండీలోనే ఉంది, కాయలు మాత్రం పగలకముందే గ్లోవ్స్ వేసుకుని తెంపేసినా. మీ మనిషి ఎవరైనా వచ్చి చూస్తానంటే సాయంత్రం ఆరు తర్వాత రమ్మనండి. నా తెల్ల చెట్టుకి ఈ వారం మొగ్గలు వచ్చినాయి, ఆ టైమ్‌కి అవి విచ్చుకుంటాయి, రెండిటినీ పక్కపక్కన చూపిస్తా.

ఇట్లు,
మీ కస్టమర్,
బైరాగిపట్టెడ, తిరుపతి