ఈబీటీ కార్డుతో వేడి భోజనం

అందరికీ నమస్కారం. నిన్న ఫుడ్ బ్యాంక్‌లో ఒక పెద్దాయన బియ్యం, బీన్స్ ప్యాకెట్లు మళ్లీ టేబుల్ మీద పెట్టేశారు. "కారులో ఉంటున్నాను, ఎక్కడ వండుకోను?" అన్నారు. మనసు కలుక్కుమంది.

స్నాప్ అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు తిండి కొనుక్కోవడానికి అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం, అది ఈబీటీ కార్డులో పడుతుంది. ఆ డబ్బుతో మామూలుగా వేడి వంటకాలు కొననివ్వరు. కానీ మన కాలిఫోర్నియాలో 60 ఏళ్లు నిండినవాళ్లు, వైకల్యం ఉన్నవాళ్లు, ఇల్లు లేనివాళ్లు కాల్‌ఫ్రెష్ (ఇక్కడ స్నాప్ పేరు ఇదే) కార్డుతో కొన్ని ఫాస్ట్‌ఫుడ్ షాపుల్లోనూ తినొచ్చు. ఈ సదుపాయం 2021 సెప్టెంబరు నుంచి రాష్ట్రమంతా ఉంది. అన్ని షాపులూ తీసుకోవు, ఆర్డర్‌కు ముందే అడగమనండి.

బర్గర్లకా ప్రభుత్వ డబ్బు అని మొన్న ఇక్కడ ఎవరో రాశారు. పొయ్యే లేని మనిషి ఇంకేం తింటాడండీ?

ఇల్లు పోయిన సంగతి ఆ పెద్దాయన ఇంకా కాల్‌ఫ్రెష్ చూసే కౌంటీ ఆఫీసుకు చెప్పలేదట. సోమవారం నేను తీసుకెళ్తున్నాను. ఆయన కోసం మాట్లాడటానికి స్పానిష్ వచ్చినవాళ్లు ఎవరైనా తోడు రాగలరా?