2023–24 వార్షిక నివేదిక: పలుగుపిండి మిల్లు కార్మికుల నష్టపరిహారం పని

సభ్యులకు నమస్కారం.

పలుగురాయి మిల్లుల్లో, క్రషర్లలో పనిచేసి, రాతిదుమ్ముతో ఊపిరితిత్తులు పాడయ్యే సిలికోసిస్ బారినపడ్డవారి పరిహారం చుట్టూనే ఈ ఏడాది సంఘం పనంతా తిరిగింది. జబ్బు ఉందా లేదా అన్న దగ్గర ఆగిన దరఖాస్తులు తక్కువ. "ఇతను మా మిల్లులో పనిచేయలేదు" అని యజమానులు వేసిన ఎదురు జవాబు (కౌంటరు) దగ్గరే ఎక్కువ ఆగాయి.

మేస్త్రీ చేతిమీదుగా వారం వారం బట్వాడా తీసుకున్నవారి పేరు మస్టరులో (హాజరు పట్టీలో) ఉండదు. అలాంటప్పుడు పనికొచ్చేవి చిన్న చిన్న కాగితాలే: పీఎఫ్ పాస్‌బుక్కు, బ్యాంకులో పడిన కూలి, ఈఎస్ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) కార్డు, గేటు పాసు, తేదీ వేసి ఎన్ని బస్తాలు నింపారో మేస్త్రీ రాసిచ్చిన జేబు పుస్తకం. ఇవేవీ లేకపోతే పక్కన పనిచేసినవారి అఫిడవిట్లు కావాలి. ఊరు, పేరు మాత్రమే రాసిన అఫిడవిటు ఎదుటి లాయరు ప్రశ్నలకు నిలబడదు. ఏ ఏడాది నుంచి ఏ ఏడాది దాకా, జల్లెడ దగ్గరా బస్తాల దగ్గరా, ఎవరి మేస్త్రీ కింద అన్నది రాయాలి. ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు తనిఖీ నివేదికలకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి.

మూడు నాలుగు మిల్లులు మారినవారు చివరి మిల్లునొక్కదాన్నే పార్టీగా చేరుస్తున్నారు. ఇది పొరపాటు. సిలికోసిస్ 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టం (2025 నవంబరు దాకా అమల్లో ఉన్నది) మూడో షెడ్యూలు సి భాగంలో ఉండేది. ఈ నివేదికలోని గడువులు, లెక్కలు ఆ చట్టం ప్రకారం రాసినవే. ఒక్క యజమాని దగ్గరే నిర్ణీత కాలం నిండకపోయినా, అందరి దగ్గరి సర్వీసు కలిపి ఎవరి వాటా ఎంతో పరిహారం కేసులు విచారించే కమిషనరు తేలుస్తారు. కాబట్టి అన్ని మిల్లుల పేర్లూ రాయాలి. కాంట్రాక్టరు కింద చేసినా అసలు యజమానికి బాధ్యత తప్పదు.

ఇక ఆసుపత్రి కాగితాలు. ఓపీ చీటీలో వృత్తి దగ్గర "కూలీ" అని రాసి వదిలేస్తారు. "పలుగుపిండి మిల్లు, ఇన్నేళ్లు" అని డాక్టరుతో రాయించుకోండి. ఛాతీ ఎక్స్‌రేలో పై భాగాల్లో సన్నని గుండ్రటి మచ్చలు కనబడగానే టీబీ మందులు మొదలవుతాయి, ఏడాది గడిచినా ఆయాసం తగ్గదు. టీబీ ఉందో లేదో చూసే కళ్లె పరీక్ష ఫలితం ఫైల్లో పెట్టండి. టీబీ తేలినా దిగులు వద్దు, ఈ రెండు జబ్బులూ కలిసి రావడం మామూలే. ఫిల్ము మడవొద్దు, అసలుది ఎవరి చేతిలోనూ పెట్టొద్దు. సర్టిఫికెట్‌లో వైకల్యం శాతం ఒక్కటే ఉంటే చాలదు, సంపాదన శక్తి ఎంత శాతం పోయిందో ఉండాలి. ఈ ఒక్క వాక్యం లేక వాయిదాల మీద వాయిదాలు పడ్డాయి.

పరిహారం దరఖాస్తుకు గడువు రెండేళ్లు. జబ్బువల్ల వరసగా పనికి పోలేకపోయిన మొదటి రోజు నుంచి లెక్క. పని మానేశాక రెండేళ్లలోపు లక్షణాలు బయటపడితే, అవి మొదట కనిపించిన రోజు నుంచి. దాటిపోయినా దరఖాస్తు వేయండి. సరైన కారణం చూపితే కమిషనరు తీసుకోవచ్చు. వలస వెళ్లినవారు మిల్లున్న జిల్లాకే పోనక్కర్లేదు, కాపురమున్న చోటే వేయవచ్చు.

నెలకూలి ఎంతో రుజువు ఎందుకంటే, పరిహారం కట్టేది కూలిని బట్టి, వయసుకు చట్టం పెట్టిన గుణకాన్ని బట్టి. 40 ఏళ్ల మనిషికి గుణకం 184.17. పూర్తి శాశ్వత అశక్తతకు నెలకూలిలో 60 శాతాన్ని దీంతో గుణిస్తారు. కూలి 12,000 అని తేలితే రూ. 13,26,024. మిల్లువారు చెప్పే 8,000 నిలబడితే రూ. 8,84,016. మరణానికి 60 బదులు 50 శాతం. నెలకు 15,000 మించిన కూలి లెక్కలోకి రాదు. పరిహారం ఇవ్వాల్సిన రోజు నుంచి నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ, కారణం లేని ఆలస్యానికి 50 శాతం దాకా జరిమానా.

చావు జరిగిన ఇంటికి యాభై వేలు పట్టుకొచ్చి తెల్లకాగితంపై వేలిముద్ర వేయించుకోవడం ఇంకా ఆగలేదు. హక్కు వదులుకున్నట్టు రాసిన ఏ కాగితమూ చెల్లదు. మరణ పరిహారం కమిషనరు దగ్గర జమ చేస్తేనే లెక్క. డబ్బు తీసుకున్నవారు కూడా కేసు వేయవచ్చు.

ఈఎస్ఐ వర్తించేవారు ఈ చట్టం కింద కాక, ఈఎస్ఐలోనే వృత్తివ్యాధి క్లెయిము పెట్టాలి. రెండింటికీ వేస్తే ఈ చట్టం కింద వేసిన దరఖాస్తు కొట్టేస్తారు.

గుజరాత్‌లోని గోధ్రా పలుగు మిల్లుల్లో పనిచేసి చనిపోయిన 238 మంది మధ్యప్రదేశ్ కూలీల కుటుంబాలకు తలా మూడు లక్షలు ఇవ్వాలని 2016 మే 4న సుప్రీంకోర్టు గుజరాత్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. ఆ ఉత్తర్వు నకలు మన వినతిపత్రానికి జతచేశాం. జవాబు రాలేదు.

జమాఖర్చులు విడిగా ఇచ్చాం. సర్వసభ్య సమావేశానికి వచ్చేటప్పుడు ఎక్స్‌రేలు, ఓపీ చీటీలు, బస్తాల పుస్తకాలు వెంట తెచ్చుకోండి. జిరాక్సు అక్కడే తీయించి అసలువి చేతికిస్తాం.