బ్రేకులకు మెకానిక్ పెద్ద లిస్టు రాసిస్తే

అందరికీ నమస్కారం. కారు సర్వీసింగ్‌కి ఇస్తే "ప్యాడ్లు, డిస్కులు, క్యాలిపర్లు అన్నీ మార్చాలి" అన్నారని మన గ్రూపులో ఒకరు టెన్షన్ పడుతున్నారు, అందుకే రాస్తున్నా. చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం డిస్కు, దాన్ని రెండు వైపులా నొక్కి బండిని ఆపేవి ప్యాడ్లు, ఆ ప్యాడ్లను పట్టుకుని నొక్కే భాగం క్యాలిపర్.

వెంటనే సరే అనకండి. అలాగని మెకానిక్‌ని అనుమానించనూ అక్కర్లేదు. "చక్రం విప్పి చూపించండి, కొలిచి చెప్పండి" అని అడగండి. కొత్త ప్యాడ్ మీద అరిగే పొర సుమారు 10 నుంచి 12 మి.మీ. ఉంటుంది. 3 మి.మీ.కి దిగితే మార్చాల్సిందే. 6 ఉంటే తొందరేం లేదు. లోపలి వైపు ప్యాడ్ కూడా తప్పక చూడండి. నా బండికి బయటిది బాగానే కనిపించింది, లోపలిది మాత్రం ఇనుప రేకు దాకా అరిగిపోయింది.

డిస్కు కనీసం ఎంత మందం ఉండాలో చాలావరకు దాని మీదే చెక్కి ఉంటుంది. వానలో తడిశాక పట్టే సన్నటి తుప్పు పొర మామూలే, నాలుగుసార్లు బ్రేక్ వేస్తే పోతుంది. క్యాలిపర్ మార్చాలంటే బ్రేక్ ఆయిల్ లీకేజీయో, ప్యాడ్‌ని నెట్టే పిస్టన్ కదలకుండా పట్టేయడమో చూపించాలి.

పెడల్ మెత్తగా కిందికి దిగిపోతున్నా, ఇనుము గీసుకుంటున్న చప్పుడు వస్తున్నా, ఇంకో మెకానిక్‌కి చూపిద్దామని కూడా బండి నడపొద్దు. దయచేసి అక్కడే ఆపి, మెకానిక్‌నే మీ దగ్గరికి పిలిపించండి.