రీబూట్ దర్శకుణ్ణి అడగవలసిన మొదటి ప్రశ్న

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఏదైనా ఒక సూపర్‌హీరో కథను మళ్లీ మొదటి నుంచి తీయబోతున్నారని వార్త వచ్చిన ప్రతిసారీ సినిమా పేజీల్లో చర్చ అంతా ఆ ముసుగు ఈసారి ఎవరు వేసుకుంటారన్న దాని చుట్టూనే తిరుగుతుంది. దర్శకుడి పేరు వార్త చివరి పేరాలో, ఆయన గత సినిమా ఎంత వసూలు చేసిందన్న అంకె పక్కన కనిపించి మాయమవుతుంది. చిన్నప్పటి నుంచి ఈ కథలను బొమ్మల పుస్తకాల్లోనూ తెర మీదా ఇష్టంగా వెంబడిస్తూ వచ్చిన నాకు ఇది నిజంగా బాధ కలిగిస్తుంది. ఇలా మళ్లీ మొదలుపెట్టే సినిమా, అంటే రీబూట్, నిలబడుతుందా, కూలిపోతుందా అన్నది చాలావరకు ఆ ఒక్క ఎంపికలోనే, అదీ చిత్రీకరణ మొదలుకావడానికి ఎంతో ముందే తేలిపోతుందని నా నమ్మకం.

మామూలు సినిమాకు లేని చిక్కు రీబూట్‌కు ఒకటుంది. కథ ప్రేక్షకుడికి ముందే తెలుసు. సందులో తన కళ్లముందే తల్లిదండ్రులను పోగొట్టుకున్న పిల్లవాడు, సాలీడు కుట్టిన విద్యార్థి, పేలిపోతున్న గ్రహం నుంచి ఒంటరిగా బయటపడిన పసికందు, వీళ్ల గురించి టికెట్ కొన్నవాడికి ఎవరూ కొత్తగా చెప్పనక్కర్లేదు. కాబట్టి దర్శకుణ్ణి ఎంచుకునే స్టూడియో, ఆయన ఏమేమి చూపించగలడో వినడానికి ముందు, ఇంతమందికి తెలిసిన ఈ కథలో దేన్ని వదిలేస్తాడో, ఎందుకు వదిలేస్తాడో అడగాలి. ఆ ప్రశ్నకు తడుముకోకుండా జవాబు చెప్పగలిగినవాడికి ఆ పాత్ర గురించి తనదైన ఊహ ఉన్నట్టే లెక్క.

స్పైడర్‌మ్యాన్ సంగతే చూడండి. 2002లో శామ్ రైమీ సాలీడు కాటునూ, పెంచి పెద్దచేసిన బెన్ అంకుల్ మరణాన్నీ తీరికగా, మనసుకు పట్టేలా చూపించారు. ఆయన తీయవలసిన నాలుగో భాగం 2010 జనవరిలో ఆగిపోయింది. 2012లో మార్క్ వెబ్ దర్శకత్వంలో కథ మళ్లీ మొదటికి వచ్చింది. అంతకుముందు 2009లో వెబ్ తీసింది ఒక ప్రేమకథ. అందులో ఆయన చూపిన నేర్పు ఇక్కడా కనిపిస్తుంది, నాయికానాయకుల సన్నివేశాలు నాకు ఇప్పటికీ తాజాగానే అనిపిస్తాయి. అయితే పదేళ్ల కిందటే చూసిన కాటునూ మరణాన్నీ తిరిగి చూపించడంలోనే ఆ సినిమా తొలి సగంలో చాలా భాగం కరిగిపోయింది. 2017లో జాన్ వాట్స్ తీసిన సినిమాలో ఆ రెండు ఘట్టాలూ లేనే లేవు. పదిహేనేళ్ల కుర్రవాడు బడినీ సాహసాన్నీ ఒకేసారి నెట్టుకురావడానికి పడే పాట్లే అక్కడ కథ. ఆ పాత్ర ఏడాది ముందే మరొకరి సినిమాలో పరిచయమైంది కనుక ఆ నిర్ణయంలో నిర్మాతలకూ పాలుంది. అయినా ఆ ఖాళీని బడి పిల్లల లోకంతో నింపగల దర్శకుణ్ణి వెతికి పట్టుకోవడం సరైన ఎంపికే.

చిన్న సినిమాతో మెప్పించినవాణ్ణి పెద్ద సినిమాకు తీసుకురావడం మంచిదా కాదా అని చాలామంది వాదించుకుంటారు. ఆ వాదన వల్ల ఏమీ తేలదు. క్రిస్టఫర్ నోలన్, జాష్ ట్రాంక్ ఇద్దరూ చిన్న సినిమాల నుంచి వచ్చినవాళ్లే. 1997 నాటి సినిమా తర్వాత ఎనిమిదేళ్లు మూగబోయిన బ్యాట్‌మ్యాన్‌ను 2005లో నోలన్ నిలబెట్టారు. నలుగురు సూపర్‌హీరోల జట్టైన ఫెంటాస్టిక్ ఫోర్‌ను 2015లో ట్రాంక్ నిలబెట్టలేకపోయారు. అనాథగా మిగిలిన పిల్లవాడు మొదటిసారి ముసుగు వేసుకునే దాకా మధ్యలో గడిచిన సంవత్సరాలను అంతకుముందు ఏ బ్యాట్‌మ్యాన్ సినిమా కూడా వివరంగా చెప్పలేదని నోలన్ గమనించారు. ప్రతినాయకుడి ఆర్భాటాన్ని తగ్గించి ఆ ఖాళీలోనే కథ నడిపారు. డేవిడ్ గోయర్‌తో కలిసి స్క్రిప్టు రాసుకున్నారు. మధ్యలో 2002లో అదే స్టూడియోకు అల్ పచీనో, రాబిన్ విలియమ్స్ వంటి పెద్ద నటులతో ఒక మధ్యతరహా సినిమా తీసి ఉండడం వల్ల ఇరుపక్షాలకూ ఒకరి పద్ధతి ఒకరికి తెలుసు. ఈ చివరి విషయాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ నా దృష్టిలో అది చాలా ముఖ్యమైనది.

ట్రాంక్ విషయంలో పోలికే ఎంపికకు ఆధారమైనట్టు కనిపిస్తుంది. 2012లో సుమారు 1.2 కోట్ల డాలర్లతో ఆయన తీసిన సినిమాలో ముగ్గురు కుర్రాళ్లకు అనుకోకుండా శక్తులు వస్తాయి, వాళ్లలో ఒకడు చెడిపోతాడు. ఫెంటాస్టిక్ ఫోర్‌లోనూ అనుకోకుండా శక్తులు వస్తాయి. అయితే ఆ నలుగురి కథకు ప్రాణం శక్తులు కావు, వాళ్లు ఒక కుటుంబం కావడం. శరీరం మారిపోవడంలోని భయాన్ని చూపించాలన్నది దర్శకుడి కోరిక, అందరూ కలిసి చూడదగిన సాహసకథ కావాలన్నది స్టూడియో కోరిక. ఆ తేడా మొదటి సమావేశంలోనే బయటపడవలసింది. అది బయటపడే సరికి రీషూట్ల దాకా వచ్చింది, మళ్లీ తీసిన సన్నివేశాల్లో నటి విగ్గు మారిపోవడం ప్రేక్షకులు కూడా పసిగట్టారు. విడుదలకు ముందు రోజు, ఏడాది కిందట తన దగ్గర ఇంతకంటే మంచి రూపం ఉండేదని, దాన్ని ప్రేక్షకులు బహుశా ఎన్నటికీ చూడలేరని ట్రాంక్ ట్వీట్ చేసి, తర్వాత తొలగించారు. ఒక యువ దర్శకుడు తన సినిమా గురించి అలా రాసుకోవలసి రావడం తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. తప్పంతా స్టూడియోదే అని నేననను. ఇద్దరూ వేర్వేరు సినిమాలను మనసులో పెట్టుకుని ఒకే ఒప్పందం మీద సంతకం చేశారు.

అదే నలుగురి కథను 2025లో మాట్ షాక్‌మన్ తీశారు. ఒక ఇంటి కథను పలు దశాబ్దాల టీవీ హాస్య ధారావాహికల తీరులో నడిపిన సిరీస్‌కు 2021లో దర్శకత్వం వహించినవారాయన. 1960ల ఛాయలున్న ఊహాలోకంలో కుటుంబ కథ చెప్పడానికి ఆ అనుభవం సూటిగా పనికివచ్చింది. శక్తులు ఎలా వచ్చాయన్నది సినిమాలోని ఒక టీవీ కార్యక్రమంలో కొద్ది నిమిషాల్లో ముగించి, ఆయన నేరుగా ఆ ఇంట్లోకి వెళ్లిపోయారు.

సరైనవాడు దొరికాక అతనికి సమయం ఇవ్వడం ఎంపికలో భాగమే. 2017 జనవరిలో బెన్ అఫ్లెక్ దర్శకత్వ బాధ్యత నుంచి తప్పుకున్నాక బ్యాట్‌మ్యాన్ బాధ్యత మాట్ రీవ్స్ చేతికి వచ్చింది. అప్పటికే ఉన్న స్క్రిప్టును పక్కనపెట్టి తన కథ తాను రాసుకోవడానికి స్టూడియో ఒప్పుకుంది. సినిమా 2022 మార్చిలో గానీ విడుదల కాలేదు. తల్లిదండ్రుల హత్యను తెర మీద చూపించకుండా, ముసుగు వేసుకున్న రెండో ఏడు నుంచి కథ మొదలుపెట్టి, నేరపరిశోధకుడైన బ్యాట్‌మ్యాన్‌ను ఆయన ముందుకు తెచ్చారు. దీనికి పూర్తిగా విరుద్ధమైన దారి రక్తపిశాచాల వేటగాడు బ్లేడ్ రీబూట్‌ది. 2019 జూలైలో కథానాయకుడిగా మహర్షలా అలీ పేరు ప్రకటించారు, తర్వాత విడుదల తేదీలు ప్రకటించి మార్చారు, 2022లో ఒక దర్శకుడు, 2024లో మరొకరు తప్పుకున్నారు. నటుడూ తేదీ ముందు స్థిరపడి దర్శకుడు ఆఖరున వచ్చినప్పుడు, ఆయన చేతికి అందేది వేరొకరు సగం కట్టిన ఇల్లు.

ఇందులో హక్కుల ఒత్తిడి కూడా ఉందని నాకు తెలుసు. నిర్ణీత గడువులోగా సినిమా తీయకపోతే పాత్ర చేజారిపోయే ఒప్పందాలుంటాయి. 1990ల మొదట్లో ఫెంటాస్టిక్ ఫోర్ మీద తక్కువ ఖర్చుతో హడావుడిగా తీసిన సినిమా ఈనాటికీ అధికారికంగా విడుదలకు నోచుకోలేదు. పోరాట దృశ్యాల సంగతి మరొకటి. ఒక సూపర్‌హీరో చిత్రం విషయమై తనను కలిసినప్పుడు, యాక్షన్ సన్నివేశాల గురించి ఆలోచించవద్దని, వాటిని తామే చూసుకుంటామని స్టూడియోవారు చెప్పినట్టు అర్జెంటీనా దర్శకురాలు లుక్రేసియా మార్టెల్ 2018లో వెల్లడించారు. ఒక మనిషి ఎలా కొడతాడు, ఎప్పుడు చెయ్యి దించుతాడు అన్నదాంట్లోనే ఈ కథల్లో అతని స్వభావమంతా బయటపడుతుంది. దాన్ని దర్శకుడి చేతిలోంచి తీసేసుకుంటే ఆ కుర్చీలో ఎవరిని కూర్చోబెట్టినా ఒకటే అవుతుంది.

మీ పత్రికకు నా విన్నపం ఒక్కటే. ఇకపై ఇటువంటి ప్రకటన వచ్చినప్పుడు దర్శకుడి గత సినిమా వసూళ్లతో పాటు, ఆ పాత్ర గురించి ఆయన ఏం మాట్లాడారో, స్క్రిప్టు ఆయన చేరకముందే సిద్ధమైందో తర్వాత రాసుకున్నదో, విడుదల తేదీ ఆయన పేరు కంటే ముందే ఖాయమైందో కాదో కూడా రాయించండి. ముసుగు ఎవరిదన్న వార్త పక్కనే ఆ నాలుగు వాక్యాలకు చోటివ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు