మన్యం చోళ్లను (రాగులను) మన్యం పిల్లలకే పెట్టండి: గిరిజన సంక్షేమ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

పాడేరు, అరకు కొండల్లో కొత్త పండుగ చేయనిదే కొత్త పంట నోట పెట్టం. కొర్రలు చేతికొస్తే కొర్ర కొత్త, మామిడి కాస్తే మామిడి కొత్త. ముందు దేవతకూ పెద్దలకూ పెట్టి, ఆ తర్వాతే మేం తింటాం. చైత్రంలో ఇటుకల పండుగకు విత్తనాలకు పూజ చేస్తాం. మరి కొర్రలు వేసే ఇల్లే లేని ఊళ్లో కొర్ర కొత్త ఎలా చేయాలి? సంతలో కొన్న గింజ పెద్దలకు పెట్టాల్సి రావడం మాకు చిన్న బాధ కాదు.

రేషన్ బియ్యం వచ్చాక చిరుధాన్యాలు పోయాయంటారు. అదొక్కటే కారణమంటే నేనొప్పుకోను. అసలు బరువు ఆడవాళ్ల చేతుల మీద పడింది. సామలు పొట్టు ఓ పట్టాన వదలవు. దంచాలి, చెరగాలి, మళ్లీ దంచాలి. పొలం పని, కట్టెలు, నీళ్లు అన్నీ అయ్యాక ఇంటిల్లిపాదికీ సామలు దంచే ఓపిక ఎవరికుంటుంది? వరికి మిల్లులొచ్చాయి, సామలకు రాలేదు.

ధర సంగతీ అంతే. 2025-26కు చోళ్ల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. సామలకూ కొర్రలకూ ఆ జాబితాలో చోటే లేదు. పక్కనున్న కోరాపుట్‌లో, 2017లో మొదలైన మిల్లెట్స్ మిషన్ కింద ఒడిశా ప్రభుత్వం రైతుల చోళ్లను మద్దతు ధరకు కొంటోంది. అవీ ఇలాంటి కొండలే కదా.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే, కాఫీ నాలుగు డబ్బులు తెచ్చింది. కానీ పిల్లలకు దాన్ని అన్నంగా పెట్టలేం.

2023లో ప్రభుత్వ బడుల్లో రాగిజావ మొదలైంది. మన్యం బడుల జావకు కావాల్సిన చోళ్లను గిరిజన సహకార సంస్థ ద్వారా ఈ కొండల రైతుల దగ్గరే కొనండి. ఆశ్రమ పాఠశాలల్లో వారానికో పూట సామన్నం పెట్టండి. నాలుగైదు ఊళ్లకొక పొట్టు తీసే మిల్లు పెట్టించి మహిళా సంఘాలకు అప్పగించండి.

విత్తనం విషయంలో ఇంకా గట్టిగా అడుగుతున్నాను. బయటి కిట్లు పంచే ముందు మా ముసలమ్మల బుట్టల్లో ఏ రకాలు మిగిలాయో ఊరూరా రాయించండి. నాటు వరి విత్తనాలు కాపాడిన కోరాపుట్ ఆదివాసీ మహిళ కమలా పూజారికి 2019లో పద్మశ్రీ ఇచ్చారు. మా తల్లులు బిరుదులు అడగడం లేదు. దాచిన విత్తనానికి ధర, వచ్చే ఇటుకల పండుగలోపు ఒక ఉత్తర్వు ఇప్పించండి, చాలు.

ఇట్లు,
పాడేరు మన్యం నుంచి ఒక ఆదివాసీ రైతుబిడ్డ