నీలం పడవ సంగతి

బుజ్జీ,

ఎలా ఉన్నావు తల్లీ? మేం బానే ఉన్నాం. అమ్మ మోకాలు నొప్పి కాస్త తగ్గింది, మేడమీద కుళాయి మళ్ళీ కారుతోంది, బాబాయ్ వచ్చి చూస్తానన్నాడు. నువ్వు ఫోన్ ఎత్తక నాలుగు రోజులైంది, పనిలో ఉండుంటావులే అనుకున్నా. రాయడానికి పెద్ద కారణం ఏమీ లేదు, ఊరికే.

పిన్ని మాత్రం మొన్న మాటల్లో ఒకటంది. పోయిన ఆదివారం చెరువులో మీ పడవ ఒరిగిందట, నువ్వో నీ ఫ్రెండో నీళ్ళలో పడ్డారట. ఎవరు చెప్పారంటే సరిగ్గా చెప్పదు. సరే, దాని గురించి నేనేం అడగట్లేదు. కాకపోతే నువ్వు అంతకుముందు పంపిన ఫోటో మళ్ళీ తీసి చూశా. చేప పెద్దదే, బావుంది. నువ్వేమో పడవలో నిలబడి ఉన్నావు, లైఫ్ జాకెట్ వెనక సీటు మీద మడతపెట్టి ఉంది.

అమ్మా, అది ఒంటి మీద ఉంటేనే జాకెట్టు. పడ్డాక తొడుక్కుందాంలే అనుకుంటారు గానీ అది అయ్యే పని కాదు. బాగా చల్లటి నీళ్ళలో హఠాత్తుగా పడితే మన ప్రమేయం లేకుండానే ఊపిరి లోపలికి గుంజుతుంది, అప్పుడు తల నీళ్ళ కింద ఉంటే పోయేది నీళ్ళే. మొదటి నిమిషం ఊపిరి అదుపులోకి తెచ్చుకోడానికే సరిపోతుంది, ఓ 10 నిమిషాలయ్యేసరికి వేళ్ళు మాట వినవు, ఇంక బకిల్ ఏం పెట్టుకుంటావు. ఈత ఎంత బాగా వచ్చినా ఇంతే. తొడుక్కున్నాక భుజాల దగ్గర పట్టుకుని ఎవర్నైనా పైకి లాగమను, గడ్డం దాటి చెవులదాకా లేచిందంటే అది నీ సైజు కాదు.

నీలం పడవ ఎందుకు అమ్మేశారని చిన్నప్పుడు ఎన్నిసార్లు అడిగావో. మోటార్ పాడైందని చెప్పాం, అది నిజం కాదు. ఆ రోజు పొద్దున చెరువు అద్దంలా ఉంది, చేపలు బాగా పడుతున్నాయి, గాలం వేయడానికి వీలుగా ఉంటుందని బాబాయ్ లంగరు తాడు పడవ వెనక కట్టాడు, నేనూ చూసి ఊరుకున్నా. అసలే వెనక అంచు తక్కువ, మోటార్ బరువూ అటే. మధ్యాహ్నానికి గాలి లేచింది. చెరువు అలలు పొట్టిగా నిటారుగా ఒకదాని వెనక ఒకటి సందు లేకుండా వస్తాయి, తాడు వెనక్కి లాగిపట్టి ఉంచేసరికి పడవ పైకి లేవలేకపోయింది. మొదటి అలకి కాళ్ళు తడిశాయి, రెండోదానికి సగం నిండింది, తాడు విప్పుదామని బాబాయ్ లేచి నిలబడ్డాడు, అంతే. జాకెట్లు ముందు పలక కింద ఉండిపోయాయి. గట్టు దగ్గరే అనిపించింది, ఈదుదాం అన్నాడు, నేను వాడి చొక్కా పట్టుకుని వదల్లేదు, పడవనే పట్టుకోమన్నా. తిరగబడ్డా అది మునగలేదు, అదే బతికించింది. వేరే పడవ వాళ్ళు చూసి లాగేసరికి వాడి పెదాలు నల్లబడిపోయాయి. మేం ఎక్కడికి వెళ్ళామో ఇంట్లో ఎవరికీ తెలీదు. ఇప్పటికీ గాలి చప్పుడుకి రాత్రిళ్ళు మెలకువొస్తుంది నాకు.

అందుకే లంగరు ఎప్పుడూ ముందు కొసకే కట్టు, 10 అడుగుల లోతుంటే తాడు 50 నుంచి 70 అడుగులు వదలాలి. చేప పడిందని ఇద్దరూ ఒకే వైపు వంగొద్దు. మోటార్ ఆపే తాడు చేతికి తగిలించుకో, నువ్వు పడితే అదే ఆగుతుంది. ఉరుము వినపడితే చేప సంగతి వదిలేసి గట్టుకి వచ్చెయ్యి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలదాకా మళ్ళీ దిగొద్దు, నీ కార్బన్ రాడ్‌లోంచి కరెంటు పోతుంది తెలుసుగా. విజిల్ జాకెట్‌కే కట్టుకో. ఏ చెరువు, ఏ వైపు, ఎన్నింటికి తిరిగొస్తావు, ఈ మూడూ నాకు మెసేజ్ పెట్టి వెళ్ళు, అర్ధరాత్రైనా పర్లేదు.

లెక్చర్ ఇవ్వకూడదనే మొదలుపెట్టా. తడి బట్టలతో ఎక్కువసేపు ఉండలేదు కదా? దగ్గు గానీ వచ్చిందా?

ఇంతకీ ఆదివారం పడింది నువ్వా, నీ ఫ్రెండా? ఫోన్ తడిసి పాడైందేమో, అందుకే ఎత్తట్లేదేమో అని కూడా అనుకుంటున్నా. అదే అయితే వేరేది కొనిస్తా, ఎవరి ఫోన్ నుంచైనా సరే ఒక్కసారి చెయ్యి. అమ్మకి ఇంకా ఏం చెప్పలేదు.

నాన్న