మా మగ్గాల ఇల్లు ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతోంది: సాయం చేసినవాళ్లందరికీ కృతజ్ఞతలు

పోయిన దసరా నుంచి మా చీరల వెబ్‌సైట్ నడుస్తోంది. గూగుల్ మ్యాప్‌లో మా ఇల్లు మా గల్లీలోనే కనిపిస్తోంది. వాట్సాప్‌లో కేటలాగ్ ఉంది, డబ్బులు నేరుగా మా ఖాతాలో పడుతున్నాయి. వీటిలో ఏ ఒక్కటీ నాకు గానీ మా ఆయనకు గానీ చేతనైన పని కాదు. చేసిపెట్టినవాళ్లలో చాలామంది రూపాయి కూడా తీసుకోలేదు. పేర్లు రాయొద్దని గట్టిగా చెప్పారు కాబట్టి వరసలు పెట్టే రాస్తున్నాను. ఎవరి సంగతి వాళ్లకు తెలుస్తుంది.

మమ్మల్ని ఎరగనివాళ్ల కోసం రెండు మాటలు. మాది భూదాన్ పోచంపల్లి. మా మామయ్య నాటి నుంచి ఇంట్లో మగ్గాలే. ఇక్కత్ పట్టుచీరలు, కాటన్ చీరలు నేస్తాం, అంటే నేయకముందే దారాలకు రంగులద్ది డిజైన్ తెచ్చేవి. ఊరికి పేరుంది. మా ఇక్కత్‌కు 2005లోనే జీఐ గుర్తింపు (ఇది ఫలానా ఊరి సరుకని చెప్పే గుర్తింపు) వచ్చింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ మా ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో చేర్చింది. ఆదివారమైతే హైదరాబాద్ కార్లు బారులు తీరుతాయి. కానీ వచ్చినవాళ్లు రోడ్డు మీది షోరూములు చూసుకుని వెళ్లిపోతారు. లోపలి గల్లీలో మగ్గం చప్పుడు వినిపించినా, అక్కడ చీర కొనుక్కోవచ్చని వాళ్లకు ఎట్లా తెలుస్తుంది?

మొదటి దండం మా ఆడపడుచు బిడ్డకు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, వారమంతా పని చేసి శనివారం బస్సెక్కి మా ఇంటికొచ్చేది. కూర్చోగానే తను అడిగిన మొదటి ప్రశ్న సైట్ రంగుల గురించో బొమ్మల గురించో కాదు. "అత్తమ్మా, పాత డొమైన్ ఎవరి పేరు మీదుండె?" అని. డొమైన్ అంటే సైట్ అడ్రస్.

దాని వెనక ఒక కథ ఉంది. కొన్నేళ్ల కిందట సిటీలో ఒకాయన మాకు సైట్ చేసి ఇచ్చాడు. డొమైన్ ఆయన పేరు మీద, లాగిన్ ఆయన మెయిల్ మీద. ఏడాది తిరిగాక రెన్యువల్‌కు చెప్పిన లెక్క వేరే అయింది, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. ఒకరోజు చూస్తే సైటే లేదు. కవర్ల మీద, విజిటింగ్ కార్డుల మీద అచ్చు వేయించిన అడ్రస్ అట్లాగే ఉండిపోయింది.

మా బిడ్డ ఈసారి డాట్ ఇన్ డొమైన్ మా ఆయన పేరు మీద కొనిపించింది. కార్డు మాదే, మెయిల్ మాదే, ఓటీపీ వచ్చే నంబర్ నాదే. హోస్టింగ్ (సైట్ ఫైళ్లు ఉండే చోటు), గూగుల్ ఖాతా, వాట్సాప్ బిజినెస్, ఇన్‌స్టాగ్రామ్ అన్నీ అంతే. పాస్‌వర్డ్‌లన్నీ నా చేతనే లెడ్జర్ చివరి పేజీలో రాయించింది. "రేపు నేను అమెరికా పోయినా, మనకు మాటల్లేకపోయినా, మీ షాపు ఆగొద్దు" అంది. నవ్వుకుంటూనే అంది గానీ నేనైతే దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు. చుట్టపు పిల్ల అయ్యుండి, తన అవసరం మాకు లేకుండా చేసి వెళ్లింది. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం అదే.

యాప్ వద్దని చెప్పింది కూడా తనే. ఎవరో మా ఆయన చెవిలో యాప్ ఉంటేనే వ్యాపారం అని ఊదారు, కొటేషన్ కూడా తెచ్చుకున్నాం. అందులో అంకె చూస్తే రెండు మగ్గాలు కొనొచ్చు. తను లెక్క విప్పి చెప్పింది. ప్లే స్టోర్‌లో పెట్టడానికి ఒకసారి 25 డాలర్లు కడితే చాలు, యాపిల్‌కు ఏటా 99 డాలర్లు కట్టాలి, అదంతా చిన్న ఖర్చే. కొత్త ఆండ్రాయిడ్ వచ్చినప్పుడల్లా యాప్‌ను సరిచేసేవాడికి ఇచ్చుకునేదే అసలు ఖర్చు. "ఏడాదికి ఒక చీర కొనేటోళ్లు మీ యాప్ ఫోన్‌ల ఎందుకు పెట్టుకుంటరు అత్తమ్మా?" అంటే మా ఆయన దగ్గర జవాబు లేదు. ఇప్పుడు కావాలనుకున్నవాళ్లు సైట్‌నే ఫోన్ హోమ్ స్క్రీన్ మీద పెట్టుకుంటున్నారు, బొమ్మ నొక్కితే తెరుచుకుంటుంది. ఎవరికీ తేడా తెలియలేదు.

తెలుగు పేజీ సంగతి చెప్పాలి. మా దగ్గర ఎప్పుడో కొట్టించిన కరపత్రం ఉంది, మామయ్య స్వయంగా చెప్పి రాయించింది. అది డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టిన ఫైలు. దాన్ని తెచ్చి సైట్‌లో పేస్ట్ చేస్తే పిచ్చి పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు వచ్చాయి. పాత అను అక్షరాలు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ, ఫోన్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతి) కావు కాబట్టి కంప్యూటర్ వాటిని తెలుగుగా గుర్తుపట్టదట. గూగుల్‌లో వెతికితే దొరకవు, ఫోన్‌లో కనబడవు. చౌటుప్పల్‌లో డీటీపీ చేసే తమ్ముడు దాన్ని యూనికోడ్‌లోకి మార్చి, మార్పిడిలో చెడిపోయిన ఒత్తులన్నీ ఒక్కొక్కటిగా సరిచేసి ఇచ్చాడు. శీర్షికలకు రామభద్ర, మిగతా మాటలకు మండలి ఫాంటు పెట్టాడు. రెండూ ఉచితమే. వరసల మధ్య జాగా ఎక్కువ వదిలాడు, లేకపోతే పై వరస ఒత్తులు కింది వరస గుడుల మీద పడతాయని. తమ్ముడూ, మామయ్య తన మాటలు ఫోన్‌లో తనే చదువుకున్నాడు, రెండోసారి కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు.

ఇక ఫోటోలు. ఇక్కడ కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే చీరల వ్యాపారంలో సగం గొడవలు రంగు దగ్గరే. ట్యూబ్‌లైట్ కింద ఫోన్‌తో తీస్తే వంకాయ రంగు నీలంగా వస్తుంది, రాణీ పింక్ ఎరుపవుతుంది. చీర అందుకున్నావిడ "నేను అడిగిన రంగు ఇది కాదు" అంటుంది, ఆవిడ తప్పేం లేదు. మా ఊళ్లో పెళ్లి ఫోటోలు తీసే అన్న పెళ్లిళ్లు లేని మూఢంలో వచ్చి నాకు, మా తోటికోడలికి నేర్పాడు. పొద్దున్నే వసారాలో, ఎండ నేరుగా పడని చోట తీయాలి. లైట్లన్నీ ఆర్పాలి. ఫోన్‌లో ఫిల్టర్లు, అందంగా చూపించే సెట్టింగులు అన్నీ తీసేయాలి. చీర పక్కన తెల్లకాగితం పెట్టి తీస్తే, ఆ కాగితం ఫోటోలో తెల్లగా ఉందా లేదా చూసి రంగు సరిచేయొచ్చు. ఫోటో కింద రంగు పేరు మేం దుకాణంలో అనుకునేదే రాస్తాం: నెమలికంఠం, రామా గ్రీన్, ఆనంద బ్లూ.

ఆయన చెప్పినదాంట్లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఇంకోటి ఉంది. చీర వెనకవైపు కూడా ఫోటో పెట్టమన్నాడు. ఇక్కత్‌లో రంగు అద్దేది నేశాక కాదు, నేయకముందు దారాలకే. పడుగుకో (నిలువు దారాలు) పేకకో (అడ్డ దారాలు) ముడులు కట్టి రంగుల్లో ముంచుతాం, రెండూ అట్లా చేస్తే డబుల్ ఇక్కత్. అందుకే నిజమైన ఇక్కత్ చీర రెండు వైపులా దాదాపు ఒకేలా ఉంటుంది, డిజైన్ అంచుల్లో చిన్న మసక ఉంటుంది. ఇక్కత్ డిజైన్‌ను గుడ్డ మీద ప్రింటు కొట్టి పోచంపల్లి పేరుతో అమ్మేవాటికి వెనకవైపు వెలసినట్టు ఉంటుంది. ఇది నోటితో ఎంత చెప్పినా నమ్మనివాళ్లు ఆ రెండు ఫోటోలు పక్కపక్కన చూసి నమ్ముతున్నారు. దానికి తోడు ఆసు యంత్రం వీడియో ఒకటి పెట్టాం, ముడులు కట్టకముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పే యంత్రం అది. చింతకింది మల్లేశం గారు ఆ యంత్రం చేయకముందు ఒక్కో చీరకు మా ఇళ్లలో ఆడవాళ్లు వేలసార్లు చెయ్యి అటూ ఇటూ ఆడించాల్సి వచ్చేది. మా అత్తమ్మ భుజం నొప్పికి మూలం అదే. సైట్‌లో జనం ఎక్కువసేపు చూస్తున్నది ఆ వీడియోనే.

అయితే ఫోటోలు పెట్టడమంటే డిజైన్ అందరి చేతుల్లో పెట్టడమే. మా ఆయన భయం ఇదే, నాకూ ఉంది. నెలల తరబడి గ్రాఫ్ కాగితం మీద గీసుకుని, దారాలు కట్టి తీసిన డిజైన్‌ను ఒక్క స్క్రీన్‌షాట్‌తో ప్రింటుకు ఇచ్చేయొచ్చు. దీని మీద ఇంట్లో పెద్ద వాదనే నడిచింది. మా బిడ్డ ఆన్‌లైన్ అంటే అన్నీ పెట్టాల్సిందేనని పట్టుబట్టలేదు, మా మాట విన్నది. ఒక డిజైన్‌కు పడుగు పోస్తే ఏడెనిమిది చీరలు దిగుతాయి కదా. కొత్త డిజైన్ అయితే మొదటి పడుగు చీరలు సైట్‌లోకి ఎక్కించం. పాత కస్టమర్లకు వాట్సాప్‌లో మాత్రమే చూపిస్తాం. అవి అయిపోయాక సైట్‌లో పెడతాం. కాపీ కొట్టేవాడు ఎట్లాగూ కొడతాడు, కనీసం మా మొదటి పంట మాకు దక్కుతుంది.

ధర దాచే విషయంలో మాత్రం తను ఒప్పుకోలేదు. ధర రాయకుండా "మెసేజ్ పెట్టండి" అనడం కొనేవాళ్లను అవమానించడమే అంది. ఇప్పుడు ప్రతి చీర కింద ధర, పొడవు, బ్లౌజ్ ఉందా లేదా, ఉతికే పద్ధతి అన్నీ ఉన్నాయి. రోజంతా "బ్లౌజ్ వస్తదా అక్కా" అన్న మెసేజ్‌కు జవాబులు రాసే పని తప్పింది.

ఒకే చీరను షాపులో ఒకరికి, ఆన్‌లైన్‌లో ఇంకొకరికి అమ్మేస్తామేమోనని టెన్షన్ ఉండేది. ప్రతి చీరకూ చీటీ మీద నంబర్ రాసి కుట్టాం. అమ్మగానే ఆ నంబర్‌ను ఫోన్‌లో షీట్‌లో కొడితే సైట్‌లో "అమ్ముడైంది" అని పడుతుంది. ఆదివారం రద్దీలో ఆ పని మా తోటికోడలిది. ఆమె లేకపోతే ఈ సైట్ వారం కూడా నడవదు, ఆ మాట ఇక్కడ అందరి ముందూ చెబుతున్నాను.

మ్యాప్‌లో మా గుర్తు పక్క సందులో పాలకేంద్రం దగ్గర ఉండేది. సరిచేయాలంటే అది మా దుకాణమేనని గూగుల్‌కు వీడియోలో చూపించాలి, మధ్యలో ఆపకుండా ఒకే వీడియో. డిగ్రీ చదివే మా పక్కింటి పిల్లాడు వీధి మొదలు నుంచి నడుస్తూ, బోర్డు చూపించి, నేను తాళం తీసి లోపలికి పోతుంటే వెనకే వచ్చి మగ్గాలు చూపించాడు. మొదటిసారి మా కుక్క అడ్డం వచ్చి చెడగొట్టింది. వాడికి ఒక షర్టు గుడ్డ ఇచ్చాను, అంతకన్నా తీసుకోలేదు.

డబ్బుల విషయంలో బ్యాంకు మేడమ్ గారికి కృతజ్ఞతలు. క్యూఆర్ ఇప్పించడం చిన్న పనే. యూపీఐకి మా దగ్గర చార్జీ లేదని, కార్డులు తీసుకునే గేట్‌వేకు సుమారు 2 శాతం, దాని మీద జీఎస్టీ పోతాయని చెప్పి లెక్క వేయించారు. గేట్‌వే వాళ్లు సైట్‌లో రిటర్న్ నిబంధనలు, ప్రైవసీ పేజీ, అడ్రస్ లేకపోతే ఖాతా తెరవరు, అవీ రాయించుకున్నాం. దానికన్నా పెద్ద సాయం ఆమె చెప్పిన ఒక్క మాట: మనకు డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పటికీ ఉండదు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఎవరో ఆర్మీ ఆఫీసర్‌నని ఫోన్ చేసి, యూనిట్‌లో అందరికీ చీరలు కావాలని, అడ్వాన్స్ కోసం తను పంపే క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టమన్నాడు. మా ఆయన ఫోన్ పెట్టేసి సైబర్ మోసాల మీద ఫిర్యాదు చేసే 1930 నంబర్‌కు చెప్పాడు.

పోస్టాఫీసు సార్ విదేశాల పార్శిళ్ల సంగతి వివరంగా చెప్పారు. డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం అనేది ఒకటుందని, చిన్నవాళ్లు కూడా పోస్టు ద్వారా ఎగుమతి చేయొచ్చని ఆయన చెప్పేదాకా మాకు తెలియదు. అమెరికాలో 800 డాలర్ల లోపు పార్శిళ్లకు ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి పోయింది కాబట్టి, ఆ సుంకం ఎవరు కట్టాలో సైట్‌లో ముందే రాయమన్నారు. రాశాం. డల్లాస్ నుంచి ఒకమ్మ అది చదివే ఆర్డర్ పెట్టింది, తర్వాత పేచీ రాలేదు.

ఉన్నమాట చెప్పాలంటే ఆర్డర్లు వరదలా ఏమీ రాలేదు. సైట్‌లో చూసి అక్కడే డబ్బు కట్టేవాళ్లు తక్కువ. సైట్ చూసి, వాట్సాప్‌లో వీడియో అడిగి, మాట్లాడి కొనేవాళ్లే ఎక్కువ. ఇంకొందరు మ్యాప్ పట్టుకుని ఆదివారం నేరుగా ఇంటికే వస్తున్నారు. నాకైతే ఇదే బాగుంది, మగ్గం వేగాన్ని మించి అమ్మితే చీరలు ఎక్కడి నుంచి తేవాలి?

మ్యాప్‌లో రివ్యూలు రాసిన పాత కస్టమర్లకు కూడా పేరు పేరునా దండాలు. బదులుగా ఏమీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు కూడా. కొంగు అంచు కాస్త వంకరగా ఉందని రాసినమ్మకు ప్రత్యేకంగా, అది చదివి ఆ మగ్గం సరిచేసుకున్నాం.

మా ఊళ్లో గానీ, పుట్టపాక, కొయ్యలగూడెం వైపు గానీ మగ్గం వాళ్లెవరైనా ఇట్లాంటిది పెట్టుకోవాలనుకుంటే రండి. మా లెడ్జర్ చివరి పేజీ తప్ప మిగతావన్నీ చూపిస్తాను. ఆదివారం మాత్రం వద్దు, ఆ రోజు మాట్లాడే తీరిక ఉండదు.